క్లయింటు సొమ్ము ఎక్కడుంటుంది?

“క్లయింట్ల డబ్బు మీ ఫర్మ్ చేతిలో ఉంచుకుంటుందా?” తెర మీద ఉన్న ప్రశ్న ఇది. అవునని ఒక టిక్కు పెడితే చాలు. ఆమె మాత్రం మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచి ఆలోచిస్తోంది.

మనం లండన్‌కు పడమటి వైపున ఉన్న స్లౌలో, ఒక ఇంటి మేడ గదిలో కూర్చున్నాం. జనవరి నెల. ఐదు కాకముందే బయట చీకటి పడింది. కింద వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు, పక్కన ఒక కాగితాల కట్ట. ఆమెది రాజమండ్రి, చాలా ఏళ్లుగా ఇక్కడ సొలిసిటర్. ఎదురుగా కూర్చున్న గుంటూరు కుర్రాడు ఒకప్పుడు ఆమె దగ్గరే ట్రైనీగా పని నేర్చుకున్నాడు. ఇప్పుడు సగం వాటాదారు. ఇళ్ల క్రయవిక్రయాలు, వీలునామాలు, వీసాల పనులు చూసే ఫర్మ్ ఒకటి ఇద్దరూ కలిసి పెట్టబోతున్నారు.

సొలిసిటర్లుగా ఇద్దరికీ ఎవరి సర్టిఫికెట్ వారికుంది. అది చాలదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఫర్మ్‌కు కూడా విడిగా అనుమతి కావాలి. ఇచ్చేది సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ, అందరి నోటా ఎస్‌ఆర్‌ఏ. 2007లో ఏర్పడింది, బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. మన దగ్గర 1961 నాటి అడ్వకేట్ల చట్టం కింద బార్ కౌన్సిల్ మనిషిని నమోదు చేసుకుంటుంది. ఆ మనిషి రేపు ఇంకో ఇద్దరితో కలిసి ఆఫీసు తెరుస్తానంటే ఆ ఆఫీసును పరీక్షించే ఏర్పాటు లేదు. ఇక్కడ మనిషికి ఒక పరీక్ష, ఆఫీసుకు ఇంకో పరీక్ష. ఎందుకో అర్థం కావాలంటే ఆమె చెయ్యి ఆగిన ఆ టిక్కు దగ్గరికే రావాలి.

విజయవాడలో ఇల్లు కొంటే రిజిస్ట్రార్ ఆఫీసులో కొన్నవాడూ అమ్మినవాడూ ఎదురెదురుగా నిలబడతారు. డీడీ ఈ చేతి నుంచి ఆ చేతికి వెళ్తుంది. ఇక్కడ వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోనక్కర్లేదు. కొనేవాడి డిపాజిట్టు, బ్యాంకు ఇచ్చిన ఇంటి అప్పు, అంతా సొలిసిటర్ ఖాతాలోకి వచ్చి, అక్కణ్నుంచి అమ్మేవాడి సొలిసిటర్ ఖాతాకు వెళ్తుంది. ఒక కుటుంబం పదేళ్లు కూడబెట్టినదంతా కొన్ని గంటలో, కొన్ని రోజులో మూడో మనిషి గుప్పిట్లో ఉంటుంది. అందుకే నిబంధనలు అంత కచ్చితంగా ఉన్నాయి. ఆ ఖాతా పేరులో ఫర్మ్ పేరుతో పాటు ‘క్లయింట్’ అన్న మాట ఉండి తీరాలి. ఫర్మ్ సొంత డబ్బు అందులో కలపకూడదు. ఐదు వారాలకు మించకుండా బ్యాంకు లెక్కనూ పుస్తకం లెక్కనూ సరిపోల్చి సంతకం పెట్టాలి. పని అయిపోగానే మిగిలినది తిరిగి ఇచ్చేయాలి.

ఆమె ‘అవును’ నొక్కింది.

“మేడమ్, కోఫా నేనేనా మరి?” అన్నాడు అతను.

ప్రతి ఫర్మ్‌కూ ఇద్దరు బాధ్యులు ఉండాలి. నియమాలన్నీ పాటిస్తున్నారా అని చూసేది కోల్ప్. డబ్బు లెక్కలు చూసేది కోఫా. చిన్న ఫర్మ్‌లలో తరచుగా రెండూ ఒకరే మోస్తారు. వీళ్లు పంచుకుంటున్నారు.

“నువ్వే. నేను కోల్ప్.”

“అంటే మీ ఫైళ్ల లెక్కలు కూడా నేనే చూడాలి.”

“చూడాలి. పెద్ద తప్పు కనిపిస్తే ఎస్‌ఆర్‌ఏకు చెప్పాలి కూడా.”

“మీ మీదనా?”

“నా మీద చెప్పలేకపోతే ఇప్పుడే చెప్పు. నీ పేరు రాయను.”

అతను వెంటనే జవాబివ్వలేదు. తనకు పని నేర్పిన మనిషి మీద రేపు తానే ఫిర్యాదు రాయాల్సి రావచ్చు. ఈ దరఖాస్తు మొత్తంలో అన్నిటికంటే బరువైన గడి ఇదేనని నాకనిపిస్తుంది. గురువు మీద గౌరవం, క్లయింటు సొమ్ము మీద బాధ్యత ఎదురుపడితే ఏది ముందు? ఫర్మ్ పుట్టకముందే తేల్చుకోవాలి. “రాయండి మేడమ్” అన్నాడు చివరికి.

ఆమె భర్త టీ కప్పులతో పైకొచ్చాడు. ఆయన అకౌంటెంట్. మొదలుపెట్టడానికి డబ్బు కొంత ఆయనే ఇస్తున్నాడు.

“నా పేర కూడా ఓ పది శాతం రాసెయ్యొచ్చుగా?”

“మీకు వాటా ఇస్తే మనది మామూలు ఫర్మ్ కాదండీ, లైసెన్స్‌డ్ బాడీ అవుతుంది. దానికి దారి వేరు, ప్రశ్నలు వేరు.”

లాయర్ కానివాడు లా ఫర్మ్‌లో వాటాదారు కావడానికి 2007 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం దారి తెరిచింది. ఎస్‌ఆర్‌ఏ మొదటి లైసెన్సులు 2012 మార్చిలో ఇచ్చింది. కానీ ఇద్దరు సొలిసిటర్ల చిన్న ఫర్మ్‌కు ఆ దారి అక్కర్లేదు. “అప్పుగా ఇవ్వండి” అంది ఆమె. “ఎక్కడి డబ్బు అంటే అదే చెబుతాం.” ఆయన సరేనని కప్పులు పెట్టి దిగిపోయాడు.

తర్వాత బీమా. ఇక్కడ అసలైన తంటా మొదలవుతుంది. లిమిటెడ్ కంపెనీగా పెడితే ఒక్కో క్లెయిముకు కనీసం 30 లక్షల పౌండ్ల పూచీ ఉన్న పాలసీ కావాలి. మామూలు భాగస్వామ్యమైతే 20 లక్షలు. అది కూడా ఎస్‌ఆర్‌ఏతో ఒప్పందం ఉన్న బీమా సంస్థ నుంచే తీసుకోవాలి. కొత్త ఫర్మ్ అంటే బీమావాళ్లకు భయం. ఇళ్ల క్రయవిక్రయాలు అంటే మరీ భయం, ఎందుకంటే క్లెయిములు ఎక్కువగా వచ్చేది అక్కడే. బ్రోకర్ ఫోన్‌లో ఒక్కొక్కటే అడుగుతున్నాడు. ఏ పని ఎంత శాతం? ఇంతకు ముందు పనిచేసిన చోట మీ మీద క్లెయిములు వచ్చాయా? డబ్బు పంపే ముందు ఖాతా నంబరు ఎవరు సరిచూస్తారు? ఒక్క నకిలీ ఈమెయిలు నమ్మి ఇంటి డబ్బంతా దొంగ ఖాతాకు పంపేసిన ఉదంతాలు ఈ వృత్తిలో అందరికీ తెలిసినవే.

ఆ పాలసీలో ఒక భాగం నన్ను నిజంగా ఆకట్టుకుంది. ఫర్మ్ మూతపడి, దాని బాధ్యతలు ఇంకో ఫర్మ్ తీసుకోకపోతే, మూతపడిన రోజు నుంచి ఆరేళ్లపాటు బీమా కొనసాగాలి. దాన్ని రన్-ఆఫ్ అంటారు. ఆ ప్రీమియం చాలా పాలసీల్లో ఏడాది ప్రీమియంకు రెండు మూడు రెట్లు ఉంటుంది. అంటే బోర్డు కట్టకముందే, బోర్డు దించే రోజు ఖర్చు లెక్క వేసుకోవాలి. మనవైపు శుభమా అని దుకాణం తెరుస్తూ మూసివేత మాట ఎత్తితే పెద్దవాళ్లు నోరు మూయిస్తారు. ఇక్కడ ఆ మాట ఎత్తి తీరాలి. సొలిసిటర్ చేసిన తప్పు ఇల్లు కొన్న రోజున బయటపడదు, ఆ ఇల్లు మళ్లీ అమ్మబోయిన రోజున బయటపడుతుంది. అప్పటికి ఫర్మ్ లేకపోయినా ఆ కుటుంబానికి దిక్కు ఉండాలి. నాకు తెలిసిన వృత్తి నియమాల్లో ఇంత దయ ఉన్నది మరొకటి కనిపించలేదు.

ఫోన్ మోగింది. హౌన్‌స్లోలో ఉండే పిన్ని. రక్తసంబంధం లేదు, తెలుగు సంఘంలో పరిచయం. కొడుకు ఇల్లు కొంటున్నాడట.

“నీ ఆఫీసు తెరిచావటగా అమ్మా! కాగితాలు పంపించనా?”

“ఇంకా అనుమతి రాలేదు పిన్నీ. వచ్చేదాకా ముట్టుకోకూడదు.”

“మనలో మనకేంటే?”

“మనలో మనకైనా నేరమే పిన్నీ.”

అతిశయోక్తి కాదు. ఇల్లు బదిలీ దస్తావేజు తయారుచేయడం చట్టం ప్రత్యేకించి ఉంచిన పనుల్లో ఒకటి. అర్హత లేకుండా చేస్తే రెండేళ్ల దాకా జైలు.

ఫోన్ పెట్టేశాక ఆమె అతనితో, “పిన్ని కేసునే పెట్టుకుని మన మనీ లాండరింగ్ పాలసీ రాద్దాం” అంది. మార్కెట్లో దొరికే నమూనా కాగితంలో ఫర్మ్ పేరు మార్చి పెట్టేవాళ్లు ఉన్నారు. ఎస్‌ఆర్‌ఏ కోరేది అది కాదు. 2017 నిబంధనల ప్రకారం తమకు వచ్చే క్లయింట్లు ఎవరు, వాళ్ల డబ్బు ఏ దారిన వస్తుంది, ముప్పు ఎక్కడ అని ఆ ఫర్మే ఆలోచించి రాయాలి.

పిన్ని వాళ్లు విజయవాడ దగ్గర స్థలం అమ్మారు. ఆ డబ్బుతో కొడుకు ఇక్కడ డిపాజిట్టు కడతాడు. కుర్రాడు రాసుకుంటూ పోతున్నాడు. స్థలం ఎవరి పేర ఉంది? అమ్మిన దస్తావేజు తెలుగులో ఉంటే అనువాదం ఎవరు ధ్రువీకరిస్తారు? దస్తావేజులో వేసిన ధర ఒకటి, ఖాతాలో పడింది ఇంకొకటి అయితే ఏం చేస్తాం? భారతదేశంలో ఉండేవాళ్లు ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి రెండున్నర లక్షల డాలర్ల వరకే బయటికి పంపొచ్చు కాబట్టి ఇలాంటి కేసుల్లో అక్కడుండే తల్లి కొంత, తండ్రి కొంత, బాబాయి కొంత పంపుతారు. ఇంగ్లిష్ ఆఫీసులో కూర్చున్నవాడికి ముగ్గురి నుంచి ముక్కలుగా వచ్చిన డబ్బు అనుమానంగా కనిపిస్తుంది. వీళ్లకు అది ఉమ్మడి కుటుంబం అని తెలుసు. తెలుసు కాబట్టే, అనుమానించాల్సిన చోట అనుమానించకుండా పోయే ప్రమాదమూ వీళ్లకే ఎక్కువ.

“‘బ్లాక్’ అన్న మాట ఎలా రాద్దాం మేడమ్?”

“ఉన్నదున్నట్టు రాయి. దస్తావేజులో లేని డబ్బు తీసుకోం అని.”

దరఖాస్తు వెళ్లింది. వారాలు గడిచాయి. ఎస్‌ఆర్‌ఏ అధికారి ఈమెయిలు పెట్టాడు. మీ ఇద్దరిలో ఒకరు ఇండియా వెళ్తే చెల్లింపులను రెండో కంటితో చూసేదెవరు? మొదటి ఆరు నెలలు ఫీజులు అనుకున్నంత రాకపోతే జీతాలు దేనిలోంచి ఇస్తారు? రెండో ప్రశ్న కఠినంగా కనిపిస్తుంది కానీ అదే ముఖ్యం. జీతాలకు డబ్బు లేని నెలాఖరున పక్క ఖాతాలో క్లయింట్ల లక్షలు కనిపిస్తుంటాయి. చాలా పతనాలు అక్కడే మొదలవుతాయి.

ఈ వడపోత అన్నిటినీ ఆపుతుందని నేను అనను. ఆక్సియమ్ ఇన్స్ అనే ఫర్మ్‌కు అనుమతి ఉంది, పేరు ఉంది. 2023 అక్టోబరులో ఎస్‌ఆర్‌ఏ దాన్ని మూసేనాటికి 6 కోట్ల పౌండ్లకు పైగా క్లయింట్ల సొమ్ము కనిపించలేదు. 1,400 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఎస్‌ఆర్‌ఏ తగినట్టుగా వ్యవహరించలేదని మరుసటి ఏడాది స్వతంత్ర సమీక్ష తేల్చింది. ఫర్మ్‌ల చేతుల్లో క్లయింట్ల డబ్బు ఉండటం అసలు అవసరమా అన్న ప్రశ్ననే ఎస్‌ఆర్‌ఏ 2024లో చర్చకు పెట్టింది. గడప దగ్గర అడిగినంత గట్టిగా లోపలికొచ్చాక కూడా అడగాలి. అప్పుడే ఈ ప్రశ్నలకు విలువ.

అనుమతి ఈమెయిలు ఒక మధ్యాహ్నం వచ్చింది. అతను రెండుసార్లు చదివి ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. ఫర్మ్‌కు ఒక నంబరు. లెటర్‌హెడ్ మీద, ఈమెయిళ్ల కింద ఆ నంబరు, ఎస్‌ఆర్‌ఏ అనుమతి ఉందన్న వాక్యం వేయాలి. వెబ్‌సైట్లో ఎస్‌ఆర్‌ఏ బ్యాడ్జి పెట్టాలి. ఇల్లు కొనిపెట్టడానికి ఫీజు ఎంతో అక్కడే ప్రకటించాలి. మన దగ్గర అడ్వకేటు ప్రకటన ఇచ్చుకోవడమే నిషిద్ధం, ఇక్కడ ధర దాచడం తప్పు. ఫిర్యాదు వస్తే ఫర్మ్‌కు ఎనిమిది వారాల గడువు, ఆపైన క్లయింటు లీగల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చని కూడా రాయాలి. అనుమతి కాగితం చూశాకే బ్యాంకు క్లయింటు ఖాతా తెరవడానికి ఒప్పుకుంది. దానికి ఇంకొన్ని వారాలు.

పిన్ని ఓపిగ్గా ఆగింది. ఆమె ఫోన్ చేయగానే పిన్ని, “ఇప్పుడు సరేనా? అకౌంటు నంబరు చెప్పు, రాత్రికే వేయించేస్తాను” అంది.

“అప్పుడే వద్దు పిన్నీ. ముందు మీ అబ్బాయి పాస్‌పోర్టు, స్థలం అమ్మిన దస్తావేజు, డబ్బు పంపిన వాళ్లందరి బ్యాంకు స్టేట్‌మెంట్లు పంపించు. అవన్నీ చూశాక అకౌంటు నంబరు ఇస్తాను. ఇచ్చాక కూడా పంపే ముందు నాకు ఫోన్ చేసి ఇంకోసారి సరిచూసుకో.”