తిండి భయం: లంఖణం నుండి గంజి వరకు

వ్యాధి శరీరాన్ని విడిచిపోయిన తరువాత కూడ దాని భయం కొంతకాలం మనస్సులో నిలిచి ఉంటుంది. వాంతులు, విరేచనాలు కలిగించే వ్యాధుల విషయంలో ఈ భయం తిండిమీదికి మళ్ళుతుంది. నాలుగు రోజులు మంచంపట్టి లేచిన మనిషి విస్తరి ముందు కూర్చొని ముద్ద నోట పెట్టుకోవడానికి జంకుతాడు. తింటే మళ్ళీ తిరగబెడుతుందేమోనని ఇంటిలోని పెద్దలు కూడ వెనుకాడుతారు. ఈ భయంలో నిజమెంత, భ్రమ ఎంత అనే ప్రశ్నకు సరియైన సమాధానం దొరకడానికి వైద్యశాస్త్రానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ చరిత్రలో నెల్లూరు సీమవంటి తూర్పు కోస్తా ప్రాంతాల అనుభవానికి కూడ చోటున్నది.

కోస్తా వెంట కలరా

1817లో బెంగాలులో చెలరేగిన కలరా మరుసటి సంవత్సరం గంజాం మీదుగా కోస్తా వెంట దక్షిణానికి దిగింది. నెల్లూరు సీమను దాటి 1818 అక్టోబరులో మద్రాసు చేరింది. మన పెద్దలు దీనిని వాంతిభేది అన్నారు. కలుషితమైన నీటిద్వారా, ఆహారంద్వారా ఒక సూక్ష్మజీవి ప్రేగులలో చేరడంవల్ల ఈ వ్యాధి వస్తుందని ఆనాటివారికి తెలియదు. రోగి శరీరంలోని నీరు, లవణాలు కొన్ని గంటలలోనే బయటికి పోవడమే మరణకారణమని కూడ వైద్యులు గ్రహించలేదు. పైగా రోగికి రక్తం తీసేవారు. విరేచనకారి మందులు ఇచ్చేవారు. వ్యాధి సగం చంపితే వైద్యం మిగతా సగం పూర్తిచేసేదన్నమాట.

తరువాత 1876లో ధాత సంవత్సరపు కరవు వచ్చింది. మద్రాసు రాజధానిలో ఈ కరవు వాతబడిన జిల్లాలలో నెల్లూరు ఒకటి. నెల్లూరు తీరం వెంట మద్రాసుకు సాగే బకింగ్‌హాం కాలువకు ఆనాటి గవర్నరు పేరు పెట్టారు. ఆ కాలువలో మద్రాసు నగరం గుండా పోయే భాగాన్ని 1877–78లో కరవు పనిగా తవ్వించారు. పనికి వచ్చిన మగవానికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానితోపాటు కొద్దిపాటి డబ్బు చాలునని 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించాడు. శ్రమచేసే మనిషికి ఆ కూలి చాలదనీ, అందులో మాంసకృత్తుల లోపం ఉన్నదనీ వాదించాడు. కొద్ది నెలలకు కూలి పెంచారు. కాని అప్పటికే ఎందరో చిక్కి శల్యమైపోయారు.

ఆకలితో పలచబడిన ప్రేగు

ఆ సమయంలో సహాయ శిబిరాలలో ఒక వింత కనబడింది. నెలల తరబడి పస్తులున్నవారికి తీరా తిండి దొరికిన తరువాత విరేచనాలు పట్టుకొనేవి. తిన్నది తిన్నట్లే బయటికి పోయేది. అన్నం ఎదుట ఉండగానే చాలమంది చనిపోయారు. తిండియే వారిని చంపినదని చూచినవారికి తోచడం సహజం.

మద్రాసులో కరవు రోగులకు చికిత్సచేసిన డాక్టరు అలెగ్జాండర్ పోర్టర్ మృతదేహాలను కోసి పరీక్షించి, తన పరిశీలనలను 1889లో గ్రంథంగా ప్రకటించాడు. పస్తులున్నవారి ప్రేగుల గోడలు బాగా పలచబడిపోవడం ఆయన గమనించిన విషయాలలో ముఖ్యమైనది.

దీని అర్థం నేడు మనకు స్పష్టంగా తెలుసు. చిన్న ప్రేగు లోపలి గోడమీద మఖమలు గుడ్డపై నూగువలె సన్నని చూషకాలు ఉంటాయి. జీర్ణమైన ఆహారాన్ని రక్తంలోకి చేర్చేవి ఇవే. వీటిపై ఉండే కణాలు మూడు నుండి ఐదు రోజులలో రాలిపోయి, వాటి స్థానంలో కొత్తవి వస్తుంటాయి. ఈ కణాలు తమకు కావలసిన పోషణలో కొంతభాగాన్ని ప్రేగులోగుండా పోయే ఆహారంనుండే నేరుగా తీసుకుంటాయి. ఆహారం లేకపోతే చూషకాలు కురచబడతాయి. కురచబడిన చూషకాలు ఆహారాన్ని పీల్చలేవు. అప్పుడు విరేచనాలు కలుగుతాయి. విరేచనాలు చూచి తిండి మానితే ప్రేగు మరింత చెడుతుంది. కరవు రోగి చిక్కుకొన్న విషవలయం ఇదే.

లంఖణం పరమౌషధమా?

మన ఇళ్ళలో "లంఖణం పరమౌషధం" అనే మాట వాడుకలో ఉన్నది. ఆయుర్వేదంలో లంఘనం ఒక చికిత్సామార్గమే. అయితే జ్వరానికి మొదట లంఘనం చెప్పిన శాస్త్రమే ఆ తరువాత పలచని జావతో ప్రారంభించి క్రమంగా ఆహారం పెంచాలని కూడ చెప్పింది. జనం మొదటి మాటను పట్టుకొని రెండవ మాటను మరచిపోయారు. ఈ పొరపాటు మనకే పరిమితం కాదు. ఐరోపాలో కూడ జ్వరరోగులను పస్తు పెట్టే ఆచారం ఉండేది. డబ్లిన్ నగర వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 19వ శతాబ్ది పూర్వార్ధంలో దానిని ఖండించి, జ్వరరోగులకు ఆహారం పెట్టించాడు.

పెద్దల మాట అటుంచి, రోగికే తిండి అంటే ఎందుకు వెగటు పుడుతుంది? అమెరికాలో జాన్ గార్సియా, ఆయన సహచరులు 1955లో ఎలుకలపై చేసిన ప్రయోగం ఈ విషయాన్ని వివరించింది. వారు ఎలుకలకు శాకరిన్ కలిపిన తీపి నీరు ఇస్తూ, గామా కిరణాలు ప్రసరింపజేశారు. జబ్బుకు కారణం కిరణాలు. తీపి నీటి దోషం ఏమీ లేదు. అయినా ఎలుకలు ఆ తరువాత తీపి నీటిని ముట్టడం బాగా తగ్గించాయి. తిన్న కొన్ని గంటల తరువాత జబ్బు చేసినా శరీరం ఆ రుచిమీదనే నేరం మోపుతుందని తరువాతి ప్రయోగాలు చూపాయి. విషాహారాన్ని రెండవసారి తినకుండ కాపాడే మంచి కావలి ఇది. కాని ఈ కావలివాడు దొంగనూ దొరనూ ఒకే విధంగా పట్టుకుంటాడు. ఆ రుచిని జబ్బు లేకుండ మళ్ళీ మళ్ళీ చవిచూస్తే వెగటు క్రమంగా తగ్గుతుంది. అంటే ఈ భయానికి మందు కూడ తిండిలోనే ఉన్నది.

ఉప్పు, చక్కెర, గంజి

విరేచనాలతో బాధపడే పసిపిల్లలకు ఆహారం పెట్టి, ఎంత లోపలికి చేరుతున్నదో కొలిచి, ఛంగ్ అనే వైద్య పరిశోధకులు 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆహారం పెంచితే విరేచనం కొంత పెరిగినా, శరీరానికి పట్టే ఆహారం కూడ పెరుగుతున్నదని తేలింది. వ్యాధిలో కూడ ప్రేగు పూర్తిగా పని మానదని దీనివల్ల రుజువయింది.

1960లో రాబర్ట్ క్రేన్ ఇందుకు మరొక ఆధారం చూపాడు. ప్రేగు కణంలోకి గ్లూకోజు ఒంటరిగా పోదు. ఉప్పులోని సోడియంతో జంటగా పోతుంది. ఆ రెండింటి వెంట నీరు పోతుంది. కలరాలో సయితం ఈ ద్వారం మూతపడదు. ఈ సూత్రాన్ని అనుసరించి 1968లో ఢాకాలో నాలిన్, కాష్ అనే వైద్యులు కలరా రోగులకు గ్లూకోజు, లవణాలు కలిపిన నీటిని నోటిద్వారా ఇచ్చి ఫలితం సాధించారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బెంగాలులోని బన్‌గావ్ శిబిరంలో కలరాపాలైనప్పుడు, సూదిద్వారా ఎక్కించే సెలైను చాలక డాక్టరు దిలీప్ మహలనబిస్ ఈ ద్రవాన్నే త్రాగించాడు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు నూటికి 4 కంటె తక్కువకు దిగాయి. ధాత కరవునాటి శిబిరాలకూ ఈ శిబిరానికీ గల అంతరం ఇదే: ఒకచోట ప్రేగును అనుమానించారు, రెండవచోట దానిని నమ్మారు.

మన గంజి కూడ ఈ సూత్రానికి లోబడినదే. బియ్యపు పిండిపదార్థం ప్రేగులో నెమ్మదిగా గ్లూకోజుగా విడిపోతుంది. బియ్యంతో చేసిన లవణద్రవం కలరాలో విరేచన పరిమాణాన్ని తగ్గిస్తుందని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. నెల్లూరు బియ్యం పండే నేలలో ఈ ఔషధానికి కొరత లేదు. దానిని పెట్టే ధైర్యానికే కొరత ఉండేది.

తిరిగి తినడం ఎట్లా?

విరేచనాలు పట్టిన పిల్లలకు తల్లిపాలు, అలవాటైన ఆహారం మానరాదని, లవణద్రవంతోపాటు 10 నుండి 14 రోజులు జింకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లో సంయుక్తంగా ప్రకటించాయి. పొట్లం దొరకనప్పుడు, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి వాడవచ్చు. చెంచాలు తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే హాని. పాఠశాల ప్రయోగశాలలో విద్యార్థులచేత ఒకసారి చేయిస్తే ఈ కొలత వారికి జన్మలో మరపురాదు.

పెద్దవారికి కూడ కొద్దికొద్దిగా, తరచుగా గంజి, మెత్తని అన్నం, పెరుగు పెట్టుతూ రెండు మూడు రోజులలో మామూలు భోజనానికి తేవచ్చు. అయితే రెండు సందర్భాలలో జాగ్రత్త అవసరం. దీర్ఘకాలం పస్తులున్నవారికి ఒక్కసారిగా కడుపునిండ పెట్టరాదు. వైద్యుని పర్యవేక్షణలో మెల్లగా పెంచాలి. రొయ్యలో, చేపలో తిన్న వెంటనే దద్దురులు లేచి ఊపిరి అందనివారు ధైర్యం పేరుతో వాటిని మళ్ళీ తినరాదు. కారణం వైద్యునిచేత తేల్చుకోవాలి. ఎండలో నిలవ ఉండి చెడిన చేపవల్ల కూడ ఇటువంటి లక్షణాలే కలుగుతాయి. అప్పుడు తప్పు నిలవది, చేపజాతిది కాదు.

భయం శరీరానికి కావలి. దానిని తరిమివేయనవసరం లేదు. అది చెప్పిన మాట నిజమో కాదో విచారించడమే శాస్త్రం చేసే పని. ఆ విచారణ ఆలస్యమైనందుకు ఎందరో ప్రాణాలతో వెల చెల్లించారు. ఇక ముందు ఏ ఇంట్లోనైనా జబ్బుపడి లేచిన బిడ్డకు గంజి గిన్నె అందించడానికి చేయి వణకకుండా ఉంటే, ఆ జ్ఞానం సార్థకమయినట్లే.