గుడ్డుకు కాపలా సరే, వల సంగతేమిటి?

ఇసుకలోంచి అప్పుడే బయటపడ్డ ఆలివ్ రిడ్లే తాబేలు పిల్ల పొడవు నాలుగు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ ఉంటుంది. అరచేతిలో పెట్టుకుంటే తెడ్లలాంటి ముందుకాళ్లు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటాయి. ఒడ్డున కాకులు, కుక్కలు, పీతలు కాచుకుని ఉంటాయి. నీళ్లలో చేపలు కాచుకుని ఉంటాయి. వెయ్యి పిల్లల్లో పెద్దదయ్యేది ఏ ఒక్కటో అని అందరూ చెప్పే మాటే. అందుకే దాన్ని చూసినవాళ్లకు వెంటనే పుట్టే ఆలోచన ఒకటుంది: ఇంటికి తీసుకెళ్లి, తొట్టిలో వేసి, కాస్త గట్టిపడ్డాక సముద్రంలో వదిలితే పోలేదా అని. ఈ ఆలోచన పిల్లలకో, బీచ్‌కి షికారు వచ్చినవాళ్లకో మాత్రమే వచ్చింది కాదు. ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, ఒక దేశపు నౌకాదళం కూడా దీన్ని నమ్మి దశాబ్దాల పాటు ప్రయత్నించాయి. గుడ్డును కాపాడి మనిషి తాబేలుకు కొంత మేలు చేశాడు, పిల్లను పెంచి చేసిన మేలు చాలా తక్కువ, తాబేళ్లు మళ్లీ పెరగాలంటే పెద్ద తాబేలు వలలో చావకుండా చూడటం తప్ప దారి లేదు. ఆ ప్రయత్నాల చరిత్ర నుంచి నాకు తేలింది ఇదే. విశాఖ దగ్గర్నుంచి దక్షిణంగా తీరమంతా ఏటా గుడ్లు ఏరి హేచరీలు నడిపే మనకు ఈ చరిత్రతో పని ఉంది.

కథ కరీబియన్ సముద్రంలో మొదలవుతుంది. ఫ్లోరిడాకు చెందిన జంతుశాస్త్రవేత్త ఆర్చీ కార్ 1956లో ‘ది విండ్‌వర్డ్ రోడ్’ అనే పుస్తకం రాశాడు. పచ్చ తాబేళ్లు ఒక్కో దీవి నుంచీ ఎలా మాయమైపోతున్నాయో అందులో చెప్పాడు. చదివినవాళ్లు కదిలిపోయి 1959 నాటికి ఒక సంఘం కట్టారు. కోస్టారికాలోని టోర్టుగేరో తీరంలో గుడ్లు పొదిగించి, ఆ పిల్లలను అమెరికా నౌకాదళపు విమానాల్లో కరీబియన్ అంతటా మోసుకెళ్లి, తాబేళ్లు అంతరించిన తీరాల్లో వదలడం మొదలుపెట్టారు. 1960లలో ఏళ్ల తరబడి ఈ పని సాగింది. పుట్టిన తీరానికే తాబేలు తిరిగొస్తుందని అప్పటికి ఊహ ఉంది. కొత్త తీరంలో వదిలితే ఆ తీరాన్నే పుట్టిల్లు అనుకుంటుందని ఆశపడ్డారు. అలా వదిలిన పిల్లలు పెరిగి ఆ తీరాల్లో గూళ్లు పెట్టాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు. పచ్చ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికి రెండు మూడు దశాబ్దాలు పట్టవచ్చు. అంటే ప్రయత్నం ఫలించిందో లేదో తెలిసేలోపు ఒక తరం గడిచిపోతుంది. తాబేళ్ల విషయంలో మనిషి పదేపదే బోల్తా పడింది ఈ ఆలస్యం వల్లనే. పిల్లను వదిలిన రోజున చప్పట్లు వినిపిస్తాయి, ఫలితం చూడటానికి ఆ చప్పట్లు కొట్టినవాళ్లు మిగలరు.

పిల్లలను పెంచి వదలడంలో అన్నిటికన్నా పెద్ద ప్రయోగం కెంప్స్ రిడ్లే మీద జరిగింది. ఇది మన ఆలివ్ రిడ్లేకి దగ్గరి చుట్టం, దాదాపుగా అన్నీ మెక్సికోలోని రాంచో న్యూవో పరిసర తీరంలోనే గుడ్లు పెడతాయి. 1947లో ఆండ్రెస్ హెరెరా అనే ఇంజనీరు అక్కడ ఒక పగలు తీసిన సినిమా రీలు 1961లో శాస్త్రవేత్తల కంటపడింది. ఒక్కరోజులో నలభై వేల ఆడ తాబేళ్లు ఒడ్డెక్కాయని దాన్నిబట్టి అంచనా కట్టారు. 1985 వచ్చేసరికి ఏడాది మొత్తానికి దొరికిన గూళ్లు సుమారు 700. ఈ పతనం కళ్లముందు జరుగుతుండగా 1978లో అమెరికా, మెక్సికో కలిసి ఒక పథకం వేశాయి. ఎంత శ్రద్ధగా చేశారో చూస్తే మనసు చివుక్కుమంటుంది. తల్లి తాబేలు గుడ్లు పెడుతుంటే అవి మెక్సికో ఇసుకను తాకకుండా కింద ప్లాస్టిక్ సంచి పట్టేవాళ్లు. టెక్సస్‌లోని పాడ్రే దీవి నుంచి ముందుగానే తెప్పించిన ఇసుకలో, థర్మోకోల్ పెట్టెల్లో ఆ గుడ్లను సర్దేవాళ్లు. విమానంలో పాడ్రే దీవికి చేర్చి అక్కడే పొదిగించేవాళ్లు. పుట్టిన పిల్లలను ఇసుక మీద పాకనిచ్చి, అల దాకా వెళ్లనిచ్చి, మళ్లీ వలలతో పట్టుకుని గాల్వెస్టన్ ప్రయోగశాలకు తరలించేవాళ్లు. ఒకేచోట ఉంచితే పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. అందుకని ఒక్కో పిల్లకు ఒక్కో చిల్లుల ప్లాస్టిక్ బకెట్టు కేటాయించి, నీటి కాలువల్లో వేలాడదీసి, సుమారు పది నెలల పాటు మేత వేసి పెంచి, గుర్తు తగిలించి సముద్రంలో వదిలేవాళ్లు. 1992 దాకా ఇరవై వేలకు పైగా పిల్లలు ఈ దారిలో పెరిగాయి.

అంత జాగ్రత్తలోనూ ఒక విషయం ఎవరికీ తట్టలేదు. తాబేలు గుడ్డులో ఆడా మగా అనేది గర్భంలో తేలదు, ఇసుక వేడిని బట్టి తేలుతుంది. చల్లగా ఉంటే మగ, వేడిగా ఉంటే ఆడ. వాటి మధ్య సరిహద్దు ఆలివ్ రిడ్లేలో ముప్ఫై డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. సముద్ర తాబేళ్లకూ ఈ సూత్రం వర్తిస్తుందని శాస్త్రవేత్తలు 1980 ప్రాంతంలో తేల్చి, హేచరీలు నడిపేవాళ్లను హెచ్చరించారు. నీడపట్టున థర్మోకోల్ పెట్టెల్లో పొదిగించిన తొలి ఏళ్ల కెంప్స్ రిడ్లే పిల్లల్లో ఎక్కువ భాగం మగవే. గుడ్లు పెట్టే తల్లులు కరువై జాతి అంతరిస్తోందని మొదలుపెట్టిన పథకం కొన్నేళ్ల పాటు మగ పిల్లలను తయారుచేసింది. 1985 నుంచి పెట్టెల వేడి పెంచాక ఆడవి ఎక్కువయ్యాయి. మలేషియాలోని తెరెంగానులో దీనికి తలకిందులుగా జరిగిందంటారు: ఎండలో కాగే హేచరీ ఇసుకలో తోలు తాబేళ్ల పిల్లలు దాదాపు అన్నీ ఆడవిగా పుట్టాయి. 1950లలో అక్కడ ఏడాదికి దాదాపు పదివేల గూళ్లు ఉండేవి, శతాబ్దం చివరికి వేళ్ల మీద లెక్కించేన్ని మిగిలాయి. దశాబ్దాల తరబడి గుడ్లన్నీ సంతకు పోవడం, సముద్రంలో వలలు కలిసి ఆ జాతిని తుడిచేశాయి. 1960లలోనే మొదలైన హేచరీ ఆ పతనాన్ని ఆపలేకపోయింది.

పిల్లలను పెంచడం ఎందుకు సరిపోదో లెక్క కట్టి చూపింది డెబొరా క్రౌజ్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే ముగ్గురు. లాగర్‌హెడ్ తాబేళ్ల మీద 1987లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం, ఒడ్డున ఒక్క గుడ్డు కూడా చెడకుండా కాపాడినా ఆ జాతి తగ్గుతూనే పోతుంది. ఎదుగుతున్న తాబేళ్లలో, పెద్ద తాబేళ్లలో చావులు కాస్త తగ్గితే చాలు, మళ్లీ పెరుగుతుంది. కారణం కష్టమైనదేమీ కాదు. వెయ్యి పిల్లల్లో ఒకటి బతికి పెద్దదైందంటే, ఆ ఒక్కదాని వెనక మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది చావులూ ఉన్నాయి. ఏళ్ల తరబడి గుడ్లు పెట్టాల్సిన తల్లి ట్రాల్ వలలో పోతే, ఆ లోటు పూడ్చడానికి ఎన్ని పిల్లలు కావాలో ఊహించుకోవచ్చు. తాబేలుకు మొప్పల్లేవు, ఊపిరితిత్తులున్నాయి. గంటలకొద్దీ లాగే వలలో చిక్కితే ఊపిరి పీల్చుకోవడానికి పైకి రాలేక మునిగి చస్తుంది. దీనికి మందు కనిపెట్టింది శాస్త్రవేత్త కాదు, జార్జియా తీరంలో రొయ్యలు పట్టే సింకీ బూన్ అనే జాలరి. వల నిండా జెల్లీ చేపలు పడి విసుగెత్తి, 1960ల చివర్లో వలలో ఏటవాలుగా ఒక ఇనుప చట్రం బిగించాడు. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి వెనక్కి పోతాయి, పెద్దవేవైనా చట్రానికి తగిలి పైనో కిందో ఉన్న ద్వారం గుండా బయటపడతాయి. తర్వాత ఆ ఆలోచనే తాబేళ్లను తప్పించే పరికరమైంది, వాడుకలో టెడ్. 1980ల చివర అమెరికా దాన్ని తప్పనిసరి చేసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, అది బలమైనదే. గాల్వెస్టన్‌లో పెరిగిన తాబేళ్లలో కొన్ని 1996లో పాడ్రే దీవికి తిరిగొచ్చి గుడ్లు పెట్టాయి. 2009 వచ్చేసరికి కెంప్స్ రిడ్లే గూళ్లు ఏడాదికి ఇరవై వేల దరిదాపుకు చేరాయి. మరి బకెట్లలో పెంచినవి ఫలించినట్టేగా? పెంచిన తాబేలు అడవి తాబేలుగా బతకగలదని రుజువైంది, ఆ మాట ఒప్పుకోవాలి. టెక్సస్‌లో చిన్న గుంపు ఒకటి నిలదొక్కుకుంది, అదీ నిజమే. కానీ ఆ ఇరవై వేల గూళ్లలో అత్యధికం మెక్సికో తీరానివి. అక్కడ 1966 నుంచి సైనికులు కాపలా కాశారు, గుడ్లను కంచెలోకి మార్చారు, పుట్టిన పిల్లలను ఆ రోజే సముద్రంలో వదిలారు. బకెట్లు లేవు, మేత లేదు. దానికి తోడు టెడ్‌లు వచ్చాయి, రొయ్యల పడవలు తగ్గాయి. ఇవన్నీ ఒకేసారి జరిగాయి కాబట్టి దేని వాటా ఎంతో పైసలతో సహా తేల్చలేం. అయినా పెద్ద పెరుగుదల కనిపించింది పిల్లలను పెంచని తీరంలోనే. ప్రయోగశాల పెంపకం 1993తో దాదాపు ఆగిపోయింది.

సర్కారు ప్రయోగశాలకే ఇంత కష్టమైన పని ఇంట్లో తొట్టిలో ఏమవుతుందో వేరే చెప్పాలా? పిల్ల గుడ్డు చీల్చుకుని వచ్చేటప్పుడు దాని పొట్టలో కొంత పచ్చసొన మిగిలే ఉంటుంది. ఆ బలంతోనే సుమారు ఒక పగలూ రాత్రీ ఆగకుండా ఈదుతుంది, తీరం దగ్గర కాచుకున్న చేపలను దాటి లోతు నీటికి చేరుతుంది. దాన్ని నాలుగు రోజులు టబ్బులో ఉంచితే ఆ ఇంధనం గోడలకు తల కొట్టుకోవడంలోనే అయిపోతుంది. పుట్టిన తీరాన్ని గుర్తుపెట్టుకోవడంలో భూమి అయస్కాంత శక్తి పాత్ర ఉందని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆ గుర్తు పడే వేళ మన వాకిట్లో గడిచిపోతుంది. శ్రీకూర్మం గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను చూసి పెరిగినవాళ్లకు తాబేలు సాధుజంతువే అనిపిస్తుంది. కానీ అది నేల మీద ఆకులు తినే జీవి, దానికి ఆవరణ ఉంటే చాలు. సముద్ర తాబేలుకు సముద్రం తప్ప ఆవరణ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు కాబట్టి దాని గుడ్డును ఇంట్లో ఉంచుకున్నా నేరమే.

అలాగని హేచరీలు దండగ అనడం నా ఉద్దేశం కాదు. మద్రాసు తీరంలో రోములస్ విటేకర్, సతీష్ భాస్కర్, వారి మిత్రులు 1970ల తొలి అర్ధంలో రాత్రుళ్లు నడిచి గుడ్లు ఏరకపోతే, అవన్నీ కుక్కల పాలో, గుడ్లమ్మేవాళ్ల పాలో అయ్యేవి.   1988 నుంచి మద్రాసులో విద్యార్థులు ఆ పని అందుకున్నారు. మన తీరంలోనూ గుడ్డుకు ఆపదలు తక్కువేం కాదు. కుక్కలు, నక్కలు, వీధిదీపాలు ఉన్నాయి. తుపాన్లకు అడ్డుగా అల దాకా నాటిన సరుగుడు తోటలు గూడు పెట్టుకునే ఇసుకను మింగేశాయి. ఇలాంటి చోట గుడ్డును కంచెలోకి మార్చక తప్పదు, కాకపోతే మార్చడంలో పద్ధతి ఉంది. కోడి గుడ్డును పొదిగించేటప్పుడు తిప్పుతుంటారు. తాబేలు గుడ్డును తిప్పితే చస్తుంది, ఎందుకంటే పెట్టిన కొద్ది గంటల్లోనే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది. అందుకే రాత్రి పెట్టిన గుడ్లను తెల్లవారకముందే, ఎలా ఉన్నవాటిని అలాగే, అంతే లోతు గుంతలో పూడ్చాలి. ఎండలు ముదిరాక నీడ కల్పించాలి, లేకుంటే పిల్లలన్నీ ఒకే లింగంగా పుడతాయి, మరీ వేడెక్కితే గుడ్డులోనే పోతాయి. సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు పైకి రాగానే ఆ రాత్రే వదలాలి. ఫొటోల కోసమనో, అతిథి రావాలనో పొద్దెక్కేదాకా బుట్టలో ఆపడం ఆ పచ్చసొనను వృథా చేయడమే. హేచరీ గొప్పతనం అది ఎంత త్వరగా చేతులు తీసేస్తుందన్నదాంట్లో ఉంది.

ఇక వల దగ్గరికి వద్దాం. 1996లో అమెరికా టెడ్ లేని పడవల రొయ్యను కొనబోమన్నప్పుడు, భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో దావా వేశాయి. 1998లో తీర్పు వచ్చింది: తాబేళ్లను కాపాడే ఉద్దేశం సమంజసమే, అమలు చేసిన తీరులో వివక్ష ఉంది అని. మనం గెలిచామని సంబరపడ్డాం, ఆ ఉద్దేశం సంగతి వదిలేశాం. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన పడవలకు సరిపోయే టెడ్‌ను తయారుచేసింది. అయినా మర పడవల వలల్లో అది అరుదుగానే కనిపిస్తుంది. రొయ్యా చేపా ఆ ద్వారంలోంచి జారిపోతాయని పడవ యజమానుల ఫిర్యాదు, అది పూర్తిగా అబద్ధం కాదు. డీజిల్ ఖర్చు పెరిగిన రోజుల్లో కొద్దిపాటి నష్టం కూడా భారమే. ఆ భారం జాలరి మీదే వేసి మనం పిల్లలను వదిలి చప్పట్లు కొట్టడం న్యాయం కాదు, పరికరం ధర, తొలి ఏళ్ల నష్టం ప్రభుత్వం భరించాలి. వేట నిషేధాన్ని చూడండి. తూర్పు తీరంలో అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేపల సంతతి కోసం పెట్టిన గడువది. తాబేళ్లు తీరానికి దగ్గరగా చేరి జతకట్టి గుడ్లు పెట్టే కాలం ముఖ్యంగా డిసెంబరు నుంచి మార్చి దాకా, అంటే వల అడుగున గీకుతూ పోయే కాలమే. నదీముఖాల దగ్గర, కాకినాడ తీరంలోని హోప్ ఐలాండ్ చుట్టుపక్కల ఆ నాలుగు నెలలైనా ట్రాలర్లను తీరానికి దూరంగా ఉంచగలిగితే, పది హేచరీలు చేయలేని పని జరుగుతుంది. ఏటా అటవీశాఖ ఎన్ని పిల్లలను వదిలిందో పత్రికల్లో చదువుతుంటాం. అదే అటవీశాఖ అదే తీరం వెంట ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెద్ద తాబేళ్ల శవాలను, ఏ రేవు దగ్గర, ఏ నెలలో, ఆడదా మగదా అన్న వివరంతో పక్క గడిలో రాసి, రెండు లెక్కలూ ఒకే కాగితం మీద ఏటా ప్రచురించాలి.