బ్యాటరీ వయసు చెప్పే విద్య

లెడ్ యాసిడ్ బ్యాటరీ తన పరిస్థితిని దాచుకోదు. అందులోని ఆమ్లం రసాయన చర్యలో తానూ పాల్గొని పలచబడుతుంది. హైడ్రోమీటర్ పెట్టి చూస్తే నిండు సెల్‌లో సాపేక్ష సాంద్రత 1.25 పైన, ఖాళీ సెల్‌లో 1.1 దగ్గర కనిపిస్తుంది. పూర్తిగా ఛార్జి చేసినా ఒక సెల్ రీడింగు పైకి రాకపోతే దాని పని అయిపోవచ్చిందన్నమాట. రాయ్‌పూర్ నుంచి అభన్‌పూర్ మీదుగా ధమ్తరీ వెళ్లిన పాత నారోగేజి లైనులో డీజిల్ ఇంజన్లను స్టార్టు చేసినవీ ఈ జాతి బ్యాటరీలే. మూతలు తీసి, డిస్టిల్డ్ వాటర్ పోసి, సెల్ వారీగా రీడింగులు రాసుకోవడం రైల్వే షెడ్లలో తరాలపాటు సాగిన పని. వయసు కనిపెట్టడానికి ఆ రిజిస్టరే ఆధారం.

లిథియం అయాన్ సెల్ వచ్చాక ఆ కిటికీ మూసుకుపోయింది. 1991లో సోనీ సంస్థ అమ్మకానికి తెచ్చిన ఈ సెల్‌లో ద్రావణం అయాన్లను అటూ ఇటూ మోస్తుంది, అంతే. దాని సాంద్రత ఏమీ చెప్పదు. పైగా సెల్‌కు సీలు. బయటికి చిక్కేవి వోల్టేజి, కరెంటు, ఉష్ణోగ్రత మాత్రమే. వీటి నుంచే వయసును లెక్కగట్టాల్సి రావడంతో గణిత నమూనాల అవసరం పుట్టింది.

ముసలితనానికి మూలం ఒక పల్చటి పొర. లిథియం ఉపరితలంపై ఏర్పడే ఇలాంటి పొర స్వభావాన్ని ఇమాన్యుయెల్ పెలెడ్ 1979లోనే వివరించాడు. మొదటి ఛార్జింగ్‌లో సెల్‌లోని గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ మీద అది ఏర్పడకపోతే సెల్ నిలవదు. ఏర్పడ్డాక పెరుగుతూనే ఉంటుంది, పెరిగినంత మేరా పనికొచ్చే లిథియాన్ని తినేస్తుంది. ఈ నష్టం చాలా సెల్‌లలో కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది: మొదట వేగంగా, తర్వాత నిదానంగా. వేడి ఎక్కువైతే వేగమూ ఎక్కువే. అందుకే వాడకుండా పక్కన పెట్టిన బ్యాటరీ కూడా ముసలిదవుతుంది. వాడకం వల్ల ఎలక్ట్రోడ్ రేణువులు ఉబ్బి, కుంచించుకుని, పగలడం దీనికి అదనం.

1993లో డాయిల్, ఫుల్లర్, న్యూమన్ సెల్ లోపలి అయాన్ల నడకను సమీకరణాల్లో పెట్టారు. లోతైన నమూనాయే గాని, వాహనంలోని చిన్న చిప్ మోయలేనంత లెక్క అది. 2004లో గ్రెగరీ ప్లెట్, అంతరిక్ష నౌకల మార్గనిర్ణయంలో పేరుపొందిన కాల్మన్ ఫిల్టర్‌ను బ్యాటరీకి అన్వయించాడు. నమూనా ఊహించిన వోల్టేజికీ, కొలిచిన వోల్టేజికీ తేడా వచ్చినప్పుడల్లా సామర్థ్యం, అంతర్నిరోధాల అంచనాను ఆ ఫిల్టర్ సవరించుకుంటుంది. కొత్తగా ఉన్నప్పటి సామర్థ్యంలో ఇప్పుడు మిగిలిన శాతమే బ్యాటరీ ఆరోగ్యం. వాహనాల్లో 80 శాతానికి పడితే సాధారణంగా ఆయుష్షు తీరినట్టు లెక్క.

2019లో స్టాన్‌ఫర్డ్, ఎమ్‌ఐటీ, టొయోటా పరిశోధకులు 124 లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లను పరీక్షించారు. వాటి ఆయుష్షు 150 నుంచి 2,300 ఛార్జింగ్ చక్రాల దాకా ఉంది. మొదటి 100 చక్రాల సమాచారంతోనే సుమారు 9 శాతం పొరపాటుతో ఆయుష్షును ముందే చెప్పగలిగారు. గొప్ప ఫలితమే. కానీ ఆ పరీక్షలు జరిగింది 30 డిగ్రీల గదిలో.

మే నెలలో రాయ్‌పూర్ ప్రాంతపు ఎండ తరచూ 42 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో తిరిగే ఈ-రిక్షాకు చల్లటి గది ఎక్కడిది? ఛత్తీస్‌గఢ్‌లోనే, రాజ్‌నందగావ్‌లో 100 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రానికి 120 మెగావాట్ అవర్ల బ్యాటరీ నిల్వ జోడించి 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితం చేశారు. తిరుపతి దగ్గర కరకంబాడిలో లెడ్ యాసిడ్ బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా 2023లో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. బ్యాటరీలు ఇక్కడి ఎండలోకి వచ్చేశాయి, వాటి ఆయుష్షు లెక్కలు మాత్రం ఇంకా చాలావరకు చల్లటి ప్రయోగశాలలవే. రాజ్‌నందగావ్ వంటి కేంద్రాల్లో సెల్ వారీగా నమోదయ్యే ఉష్ణోగ్రత, వోల్టేజి, సామర్థ్యాల రికార్డులను దేశంలోని పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచాలి.