తోకపట్టుకునే హక్కు

స్నూకర్ క్యూ కొనేవాళ్ళు దాన్ని బల్లమీద దొర్లించి వంకర లేదని చూసుకోవాలి. నిలబెడితే భుజం దాకా రావాలి. ఆష్ కర్రా, మేపుల్ కర్రా అన్నది మీ ఇష్టం. ఈ ‘మీ ఇష్టం’ ఆడవాళ్ళ దాకా రావడానికి చాలాకాలం పట్టింది.

యూరప్‌లో బిలియర్డ్స్‌ని మొదట్లో మేస్‌తో ఆడేవారు. చివర చెక్కదిమ్మ ఉన్న కర్ర అది. బంతిని పొడవడం కాదు, తోయడమే. బంతి బల్ల అంచుకి చేరితే దిమ్మ అడ్డొచ్చేది. అప్పుడు కర్రని తిరగేసి తోకవైపుతో పొడిచేవారు. క్యూ అలా పుట్టింది. ఫ్రెంచిలో ఆ మాటకి అర్థం తోకే. మగవాళ్ళు క్యూకి మారాక కూడా ఆడవాళ్ళ చేతికి మేస్‌నే ఇచ్చారు. బల్లమీది గుడ్డ చింపేస్తారట! మొనకి తోలు లేని ఆ రోజుల్లో మగవాళ్ళు పొడిస్తే మాత్రం చిరగదా?

బిలియర్డ్స్ నుంచి స్నూకర్ పుట్టింది కూడా మగవాళ్ళ గదిలోనే, 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో. నూరేళ్ళు దాటాక, 1978లో, ఇంగ్లండులోని వేక్‌ఫీల్డ్‌లో ఒక శ్రామికుల క్లబ్బు, అంతవరకూ అక్కడ ఆడుతున్న షీలా కాప్‌స్టిక్‌ని ఆడమనిషివి కనుక ఇక ఆడొద్దంది. ఆమె ఉద్యమం నడిపింది. నినాదం ‘ఎ ఉమన్స్ రైట్ టు క్యూస్’. గర్భస్రావ హక్కు కోసం స్త్రీలు ఎత్తుకున్న ‘రైట్ టు చూజ్’ని అలా మలిచారు. ఆ క్లబ్బుల సమాఖ్య స్త్రీలకి సమాన సభ్యత్వ హక్కులిచ్చింది 2007లో.