రోన్ నిలబడిన జాగా ఎవరి పేరున ఉంది?



యువ మిత్రులారా, మన గోండిలో ఇల్లంటే రోన్, ఊరంటే నార్. ఈ మాటలు మీ అందరికీ తెలుసు. కానీ మీ రోన్ నిలబడిన జాగా ఎవరి పేరున ఉందో ఇంట్లో ఎప్పుడైనా అడిగారా? ఆదిలాబాద్ అడవుల్లో మన చరిత్ర చాలావరకు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మన తాతముత్తాతల కాలంలో ఊరు ఒకేచోట పాతుకుపోయేది కాదు. కొన్నేళ్లు దున్నిన చేనును బీడుగా వదిలి మరోచోట దున్నేవారు. అవసరమైతే ఊరూ కదిలేది. వెదురు తడికె, మట్టి పూత, పైన గడ్డి. అడవి పక్కనే ఉంటే కొత్త ఇల్లు లేపడం ఎంత పని? బీడు పడిన భూమి ఎవరిదో ఊరందరికీ తెలుసు కాబట్టి కాగితంతో పనిపడలేదు.

నిజాం సర్కారు అడవిని రిజర్వు చేస్తూ హద్దులు గీసినప్పుడు ఇదే మన మెడకు చుట్టుకుంది. ఆ రోజు బీడుగా ఉన్న చేను అడవి లెక్కలో పడింది. కచేరీల సంగతి తెలిసిన బయటివాళ్లు పట్టాలు రాయించుకున్నారు. తరాలుగా ఉన్నవాళ్లు ఆక్రమణదారులయ్యారు. హద్దు లోపల పడిన ఊళ్లను ఖాళీ చేయించారు, గుడిసెలు తగలబెట్టారు. ఊరు కదలడం మన బతుకు తెలివి. సర్కారు కంటికి అది మనకు ఊరే లేనట్టు కనిపించింది.

కుమ్రం భీం పోరును జల్, జంగల్, జమీన్ అని చెప్పుకుంటాం. అందులో ఇల్లూ ఉందని మరిచిపోతాం. బాబేఝరీలో సాగు చేసుకుంటున్నవారి ఇళ్లను అటవీ సిబ్బంది కాల్చేశాకే గొడవ ముదిరింది. 1940లో జోడేఘాట్ దగ్గర కాల్పుల్లో భీం, ఆయన తోటివారు నేలకొరిగారు.

అప్పుడు గానీ సర్కారుకు కారణం తెలుసుకోవాలనిపించలేదు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మన ఊళ్లు తిరిగి, భూమి పోవడమే తిరుగుబాటుకు మూలమని చెప్పాడు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ మొదలైంది. ఆ దశాబ్దం చివరికి వేల కుటుంబాలకు సాగు పట్టాలు అందాయి. హైమన్‌డార్ఫ్‌ను మనం గౌరవంగానే తలుచుకుంటాం. అయితే పట్టాలు ఆయన దయ వల్ల వచ్చాయంటే మాత్రం నేను ఒప్పుకోను. జోడేఘాట్ జరగకపోతే ఆయన మాట వినేదెవరు?

తర్వాత రోడ్లు వచ్చాయి, వాటి వెంట వలసలూ వచ్చాయి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. మనం 1/70 అనేది దాన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయిస్తే చెల్లదు, ఇంటి స్థలమైనా అంతే. కాగితం మీద అంత గట్టి చట్టం ఉండగానే, 1981 ఏప్రిల్ 20న భూమి కోసం ఇంద్రవెల్లిలో కూడిన మనవాళ్ల మీద పోలీసు తూటాలు పేలాయి.

ఇళ్లు కట్టించే పథకాలది వేరే దారి. 1985లో ఇందిరా ఆవాస్ మొదలైంది, ముందుగా ఎస్సీ, ఎస్టీలకు, విముక్తులైన వెట్టి కూలీలకు. మా గూడెంలోనూ వరసగా సిమెంటు గదులు లేచాయి. ఎండాకాలం లోపల ఉండలేక వాటిలో జొన్న బస్తాలు పెట్టి, పక్కనే పాక వేసుకున్నారు. పండక్కి చుట్టాలొస్తే కూర్చోబెట్టడానికి వసారా లేదు. ఆ నమూనా గీసేముందు మనల్ని అడిగినవారెవరూ లేరు.

2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికి అడవిలో ఉన్న మనకు సాగుకే కాదు, నివాసానికీ హక్కు ఇచ్చింది. అటవీ గ్రామాలను రెవెన్యూ గ్రామాలుగా మార్చమంది. అదే చట్టంలో సర్కారు అటవీ భూమిపై కట్టగల సౌకర్యాల జాబితా ఒకటుంది. బడి, అంగన్‌వాడీ, చెరువు, రోడ్డు ఉన్నాయి. ఇల్లు లేదు.

ఇప్పుడు డబ్బు వస్తోంది. కొలాం, తోటి అన్నదమ్ములకు 2023లో ప్రకటించిన పీఎం జన్‌మన్ కింద ఇంటికి 2 లక్షలు. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు, అదీ మొదటి విడతలో సొంత జాగా ఉన్నవారికి. మా గూడెంలో ఒక అవ్వ, "పుట్టినకాడి నుంచి ఈడనే ఉన్నం బిడ్డా, జాగా చూపియ్ అంటే ఏం చూపియ్యాలె?" అంది.

చూపించడానికి ఉంది. అటవీ హక్కుల నియమాల ప్రకారం పాత గుడిసె ఆనవాళ్లు, పెద్దలను పాతిపెట్టిన చోటు సాక్ష్యాలే. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పింది రాసి ఇచ్చినా సాక్ష్యమే. ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకం పట్టుకుని ఆమెలాంటి వాళ్ల దగ్గర కూర్చోండి. ఊరు ఎక్కడి నుంచి కదిలి ఎక్కడికొచ్చిందో చెప్పగలవాళ్లు మా గూడెంలో ఆమె కాక ఇంకిద్దరే ఉన్నారు.