బొబ్బిలి కోట నుండి రీచ్ గ్రహము వరకు

రాజాం పేరు వినగానే ఉత్తరాంధ్ర ప్రజలకు తాండ్ర పాపారాయుడు స్ఫురించును. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులును, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు బలములును కూడి బొబ్బిలి కోటను ముట్టడించినపుడు పాపారాయుడు రాజాంలో ఉండెను. అతడు చేరునప్పటికే కోట కూలినది. రాజా రంగారావు నేలకొరిగెను. స్త్రీలును, పసిబిడ్డలును శత్రువుల చేత చిక్కకుండుటకై తమవారి కత్తులకే బలియైరి. పిమ్మట పాపారాయుడు రాత్రివేళ విజయరామరాజు గుడారమున జొరబడి, ఆయనను చంపి, తానును ప్రాణములు విడిచెను.

యుద్ధము జరిగినది ఒక్క దినము. దాని కథ మాత్రము రెండువందల అరువది యేండ్లకు పైబడి సాగుచునే యున్నది. దిట్టకవి నారాయణకవి దానిని ‘రంగరాయచరిత్రము’ అను కావ్యముగా రచించెను. పెద్దాడ మల్లేశం పాటగా కట్టెను. వేదము వేంకటరాయశాస్త్రి నాటకముగా వ్రాసిరి. షేక్ నాజర్ బుఱ్ఱకథగా ఊరూర వినిపించిరి. 1964లో నందమూరి తారకరామారావు రంగారావుగా, ఎస్. వి. రంగారావు పాపారాయుడుగా నటించిన చలనచిత్రము వెలువడినది. ఒకే యుద్ధము కావ్యము, పాట, రంగస్థలము, తెర అను నాలుగు వాకిళ్ళ గుండా జనుల హృదయములలో ప్రవేశించినది.

ఇట్టి ప్రయాణమే పాశ్చాత్య దేశములలో మరియొక తీరున సాగినది. అచట ముందుగా పుట్టినది ఆట. ఆ ఆట నుండి పుట్టినది యుద్ధనవల.

యుద్ధమును ఆటగా మలచుట మనకు క్రొత్త కాదు. ఏనుగు, గుఱ్ఱము, రథము, కాల్బలము అను నాలుగంగముల సేనను గళ్ళ పలకపై నడపిన చతురంగము ఈ దేశముననే పుట్టినది. 1824లో ప్రష్యా దేశపు సైన్యము తన అధికారులకు పటములపై యుద్ధక్రీడను నేర్పెను. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున కొందరు యువకులు ‘స్పేస్‌వార్’ అను ఆటను కల్పించిరి. కంప్యూటరు తెరపై రెండు అంతరిక్షనౌకలు ఒకదానినొకటి వేటాడుటయే దాని స్వరూపము. 1993లో వెలువడిన ‘డూమ్’ అను ఆటలో ఆడువాడు సైనికుని కన్నులతోనే రణరంగమును చూచును. ఆ ఆట ననుసరించిన నవలలు 1995 నుండి వెలువడినవి.

భవిష్యత్కాలపు యుద్ధములను గూర్చిన నవలలు వీనికి ముందే కలవు. రాబర్ట్ హైన్‌లైన్ 1959లో ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ ప్రకటించెను. వియత్నాం యుద్ధమున స్వయముగా పోరి గాయపడిన జో హాల్డెమన్ 1974లో ‘ది ఫరెవర్ వార్’ ప్రకటించెను. మొదటిది సైనికధర్మమును కీర్తించినది. రెండవది యుద్ధమునుండి మరలివచ్చినవానికి స్వదేశమే పరదేశమగుటను చూపినది. ఆటలను నిర్మించినవారు ఇట్టి నవలల నుండి కవచములను, నౌకలను, గ్రహాంతర శత్రువులను గ్రహించిరి. పిదప నవలాకారులు ఆటల నుండి ఆ సామగ్రినే తిరిగి తెచ్చుకొనిరి.

ఇట్టి నవలలలో ఎరిక్ నైలండ్ రచించిన ‘హేలో: ది ఫాల్ ఆఫ్ రీచ్’ ప్రసిద్ధమైనది. ఇది 2001 అక్టోబరులో, ‘హేలో’ ఆట విడుదలకు కొలదిదినములు ముందు వెలువడినది. ఆటలోని వీరునికి ఆకుపచ్చని కవచమే కాని ముఖము లేదు. ఆడువాడే ఆ కవచమున దూరవలెను గనుక అతని ముఖమును చూపలేదు. నవలకు అది చాలదు. ఈ వీరుడెవడు, ఎవరి బిడ్డ, ఎట్లు ఇట్టివాడయ్యెను అను ప్రశ్నలకు అది సమాధానము చెప్పవలెను.

నైలండ్ చెప్పిన సమాధానము మనసును కలచునట్టిది. ఇరువదియారవ శతాబ్దమున మానవప్రభుత్వము ఆరేండ్ల బిడ్డలను 75 మందిని తలిదండ్రులకు తెలియకుండ అపహరించును. వారి స్థానమున ఎక్కువకాలము బ్రతుకని ప్రతిరూపములను ఉంచును. బిడ్డలకు కఠోరశిక్షణ నిచ్చి, పదునాలుగవయేట శస్త్రచికిత్సలు చేయించును. వానివలన 30 మంది మరణింతురు. 12 మంది వికలాంగులగుదురు. ఈ సైన్యమును సిద్ధపరచినది గ్రహాంతరవాసుల కొఱకు కాదు. తిరుగబడిన సాటి మానవులను అణచుటకు. శత్రువులు ఆకసమునుండి వచ్చుట తరువాతి మాట. చివరకు రీచ్ అను కోట వంటి గ్రహము కూలును. ఒక నౌక మాత్రము తప్పించుకొనును. నవల ముగిసిన ఆ చోటనే ఆట ఆరంభమగును.

ఇట్టి పుస్తకములు ఆటను అమ్ముటకై వ్రాయించిన బజారు సరుకు అని నిరసించువారు కలరు. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. ఈ నవల ఏడు వారములలో వ్రాయబడినది. అయినను అది చేసిన పని యొకటి కలదు. ఆటలో చచ్చినవాడు మీట నొక్కగానే లేచి నిలుచును. నవలలో చచ్చినవాడు లేవడు. గెలుపు కొఱకు ఆడినవాడు పుట తిప్పి, తాను ధరించిన కవచమునకు ఎందరు పసివాండ్రు వెలగా చెల్లిరో లెక్కింపవలసివచ్చును.

బొబ్బిలి కథ బ్రతుకుటకును ఇదియే హేతువు. పాపారాయుని ప్రతీకారము మాత్రమే చెప్పినచో అది ఒక రాత్రి సాహసముగా మిగిలెడిది. కథ చెప్పినవారు దానికి ముందు కోటలోని స్త్రీలను, బిడ్డలను నిలిపిరి. అందువలన విననేర్చినవాడు రాజాం వీరుని కత్తిని తలచినపుడెల్ల, ఆ కత్తి ఆలస్యముగా వచ్చినదను సంగతిని గూడ తలచును.

రెండింటికిని ఒక లోపము సమానము. ఆటలో శత్రువునకు మాట ఉండదు. బొబ్బిలి పాటలో విజయరామరాజు పక్షము బలహీనముగా వినిపించును. అయితే ఈ లోపమును నవలయే కొంత దిద్దుకొన్నది. 2007లో జోసెఫ్ స్టేటెన్ రచించిన ‘హేలో: కాంటాక్ట్ హార్వెస్ట్’ శత్రుశిబిరములోనికి ప్రవేశించి, ఆ మహాయుద్ధము కొందరు పాలకులు ఒక సత్యమును మరుగుపరచుటవలన పుట్టినదని చూపినది. బొబ్బిలి విషయమున ఆ పని ఇంకను మిగిలియున్నది. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఆ శతాబ్దముననే ఈ యుద్ధమును విపులముగా వ్రాసెను. ఆ గ్రంథమును, రంగరాయచరిత్రమును, మల్లేశం పాటను ఒకే బల్లపై ఉంచి చదివినవానికే రెండు కోటల మాటయు వినబడును.

1979 నుండి 2022 వరకు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల నడుమ రాజాం ఒక వైపున, బొబ్బిలి మరొక వైపున ఉండెడివి. 2022లో రాజాం విజయనగరము జిల్లాలో చేరగా రెండును తిరిగి ఒక జిల్లాలోనికి వచ్చినవి. ఈ ప్రాంతపు బాలురు నేడు చేతిలోని ఫోనులలో యుద్ధము లాడుచున్నారు. ఆట ముగిసిన పిదప, కూలినవాడెవడని అడుగు బాలుడు ఒకనాడు గ్రంథాలయపు గడప త్రొక్కును. అతనికి అందునట్లు ఆ మూడు గ్రంథములును బీరువాలో ఉండవలెను.