అడగని మెయిల్, అరకు కాఫీ

తొలి స్పామ్ మెయిల్‌గా చెప్పుకునేది 1978 మే నెలలో వచ్చింది. అమెరికాలో డీఈసీ అనే కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే గ్యారీ థ్యూర్క్, దాదాపు 400 మందికి ఒకే మెయిల్ కొట్టాడు: మా కొత్త మెషిన్ల డెమోకి రండి అని. అమ్మకాలూ వచ్చాయి, తిట్లూ వచ్చాయి. ఎవరూ అడగలేదు కదా!

న్యూస్‌లెటర్‌లో యాడ్ అలా కాదు. జనం కావాలని చేరిన చోట, వాళ్లు నమ్మే గొంతు పక్కన మన లింక్ పెడతాం. ఒకరకంగా నమ్మకాన్ని అద్దెకి తీసుకోవడమే.

మన అరకు కాఫీకి ఆ గొంతు రేడియోలో దొరికింది, అదీ ఫ్రీగా. 2024 జూన్ 30న మన్ కీ బాత్‌లో ప్రధాని దాని పేరెత్తారు. సరే, విన్నవాళ్లు ఫోన్‌లో 'అరకు' అని కొడితే ఎవరి పేజీ తెరుచుకుంటుంది? నాకు అసలు పాయింట్ ఇదే. అరకు వ్యాలీ అరబికాకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. గిరిజన రైతుల దగ్గర గింజలు కొనే జీసీసీ కూడా ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. క్లిక్ మాత్రం యాడ్‌కి డబ్బు పెట్టినవాడికే ముందు పోతుంది.